తలుపుకి నేను కట్టిన స్ప్రింగు

పీహెచ్‌డీకి ఐదేళ్లు నిండగానే హాస్టల్ గది ఖాళీ చెయ్యమన్నారు. థీసిస్ సగంలో ఉంది. రెండు సూట్‌కేసులు, ఒక లాప్‌టాప్, అట్టపెట్టెడు కాగితాలు వేసుకుని భిలాయి వచ్చి ఖుర్సీపార్‌లో మా ఇంట్లో పడ్డాను. "రెండు నెలలమ్మా, రాసేసి వెళ్లిపోతాను" అని అమ్మతో అన్నాను. అది ఫిబ్రవరి మాట. ఇప్పుడు చెప్పబోయేది మే నెల సంగతి. నా మాటకి ఎంత విలువో అక్కడే తెలిసిపోతోంది.

మా ఇంటికి రెండు గదులు, వెనకాల వంటకి ఒక రేకుల వసారా. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను. చీరలకి పీకో, ఫాల్ కుడుతుంది. వెనక గదిలో నాన్న మంచం, కిటికీకి కూలరు, కూలరు ముందు నా బల్ల. అమ్మ మిషను మోటారు తిరిగితే నా బల్ల వణికేది. బయటికి పోదామంటే మే నెల ఎండ, లోపల కూర్చుందామంటే కూలరు తడిగాలికి కాగితాలు అప్పడాల పిండిలా మెత్తబడేవి. చిన్నప్పుడు ఈ ఇల్లు ఎంత పెద్దగా ఉండేదో! ముప్ఫై దాటాక అదే ఇంట్లో చెయ్యి చాపితే ఎవరో ఒకరికి తగిలేది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పీకోకి వచ్చిన ప్రతి ఆంటీ తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏటమ్మా డాక్టరమ్మా, ఇంకా అవలేదేటి సదువు?" అనేది. ఇంకొకామె ఆధార్ కాగితం పట్టుకొచ్చి, "బేటా, కంప్యూటర్ ఉంది కదా, జర నా మొబైల్ నంబర్ మార్చీయ్" అనేది. నా పని అది కాదంటే, "మరేటి చేస్తావమ్మా రోజంతా?" అని అడిగేవాళ్లు. సరే, చెబుదామని నోరు తెరిస్తే చీర తీసుకుని వెళ్లిపోయేవాళ్లు.

కూర్చుని విన్నది నాన్న ఒక్కడే. నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియనుగా ముప్ఫై ఏళ్లకి పైగా చేసి రిటైరయ్యాడు. ఏ యంత్రాన్ని చూసినా అది ఎలా నడుస్తుందో తెలిసేదాకా మనిషికి తోచదు. ఒకరోజు మధ్యాహ్నం, నా చదువు దేని గురించో చెప్పమని మంచం మీంచే అడిగాడు.

"ఒంట్లో ప్రతి కణానికీ నూనె లాంటి ఒక పొర ఉంటుంది నాన్నా," అన్నాను. "ఉప్పుల్లాంటివి ఆ పొరలోంచి దూరలేవు. వాటికోసం పొరలో సన్నటి దారులు ఉంటాయి, ఒక్కో దారికీ ఒక గేటు. గేటు తెరుచుకుంటే పొటాషియం బయటికి పోతుంది, మూసుకుంటే ఆగిపోతుంది. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే ఆ గేట్లు వేళకి తెరుచుకోవాలి, వేళకి మూసుకోవాలి."

"మరి నువ్వేటి చేస్తావు? గేటు కాడ కాపలాయా?"

"అంతే అనుకో. ఆ గేటు, పొర, చుట్టూ నీళ్లు, ఉప్పు, అన్నీ కంప్యూటర్లో కడతాను. లక్షల పరమాణువులు. ఒక్కొక్కటీ ఎటు జరుగుతుందో కంప్యూటర్ లెక్క వేసుకుంటూ పోతుంది. అప్పుడు గేటు తెరుచుకుంటుందా లేదా అని చూస్తాను."

"ఎంతసేపు సూస్తావు?"

"సెకనులో పది లక్షలో వంతో, రెండు వంతులో."

"దానికెన్నాళ్లు పడతాది?"

"వారాల తరబడి."

నాన్న పైకప్పు వంక చూసి, "బాబోయ్, ఇన్ని వారాలకి మా వోళ్లు ఒక గోడైనా లేపీసుందురు" అని పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. లెక్కలు నిజానికి మా ఇంట్లో జరగవు. ఎక్కడో మా ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద కంప్యూటర్ల వరస ఉంది. నేను ఇక్కణ్ణుంచి ఫోన్ నెట్‌తో దానికి పని పురమాయిస్తాను, అంతే.

నా థీసిస్ అంతా ఒక గేటు మీద. మామూలు గేటు ఒకటి, అందులో ఒకే ఒక్క ముక్క మారిన గేటు ఇంకొకటి. నా కంప్యూటర్లో మామూలు గేటు ఊగి ఊగి తెరుచుకునేది. ముక్క మారిన గేటు మాత్రం బిగుసుకుపోయి ఉండేది. ఎంతసేపు నడిపినా కదల్లేదు. "ఈ మార్పు ఉంటే గేటు తెరుచుకోదు" అన్నదే నా థీసిస్ గొప్ప. మా గైడ్ ఆ బొమ్మని ఎక్కడికి వెళ్లినా తెర మీద వేసి చూపించేవాడు. నాది శుభ్రమైన పని అని నలుగురిలో అనేవాడు. అబద్ధం ఎందుకు, ఆ మాటకి నేను ఉబ్బిపోయేదాన్ని.

మా ల్యాబులోనే నా తర్వాత మూడేళ్లకి ఒకమ్మాయి చేరింది. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. నేను భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని, హిందీ వచ్చినంత చక్కగా తెలుగు రాదు. చేరిన రోజునే నా దగ్గరికొచ్చి, "ఏటక్కా, నువ్వు తెలుగేనటగా? మరి మాటకి ఆ హిందీ వాసనేటి?" అంది. ఎవరైనా ఇంకొకరు అలా అంటే మండిపడేదాన్ని. కానీ అది అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్టే మాట్లాడేది. అంత దూరంలో, ఆ గాజు తలుపుల మధ్య "ఓలమ్మా", "ఎలగక్కా" అని వినబడితే ప్రాణం లేచొచ్చేది. చేరిన నెలకల్లా దాన్ని "ఒసే" అనేటంత దగ్గరైంది.

ఆమె పని నాకు ఎదురు పని. నేను కంప్యూటర్లో చూసే గేటునే ఆమె బతికున్న కణాల్లో పెట్టి, వెంట్రుక కంటే సన్నటి గాజు సూది ఆనించి, దారిలోంచి కరెంటు వస్తుందో రాదో కొలుస్తుంది. చెయ్యి ఏ మాత్రం అదిరినా కణం చచ్చిపోతుంది. పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి ఒకటో రెండో కణాలు దక్కేవి. ఆమె సూది ఏం చెప్పిందంటే, ముక్క మారిన గేటు కూడా తెరుచుకుంటోందని. కరెంటు వస్తోందని.

గైడ్ నమ్మలేదు. కంప్యూటర్ బొమ్మ అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఈ పిల్ల చేతిలోనే ఏదో లోపం ఉందన్నాడు. మళ్లీ చెయ్యమన్నాడు. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ కరెంటు వచ్చింది. ఐదు నెలలు అదే తంతు. ఆమె ఒకసారి జంకుతూ జంకుతూ నన్ను అడిగింది, "అక్కా, నీ దాన్లోనేమైనా తేడా ఉంటాదేమో ఒకసారి సూస్తావా?" అని. చూస్తానన్నాను. చూడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తన చెయ్యి కుదరక నా కంప్యూటర్‌ని అంటోందని లోపల అనుకున్నాను. మనసులో అనుకున్నదే అయినా అనుకున్నది నేనే కదా.

మేలో ఆమె గురించి రివ్యూ మీటింగ్ పెట్టారు. శుక్రవారం పదకొండు గంటలకి. ఆమెని కొనసాగించాలా, ఇంతటితో పంపెయ్యాలా అని తేల్చే మీటింగ్. ఆమె చేతి పని నమ్మదగ్గది కాదనడానికి చూపించబోయే రుజువు నా గేటు బొమ్మ.

ఆ శుక్రవారానికి పన్నెండు రోజుల ముందు, ఆదివారం నాడు, నేను బల్ల దగ్గర కూర్చుని థీసిస్‌లో అన్నిటికంటే విసుగు పుట్టించే అధ్యాయం రాస్తున్నాను. ఏ లెక్క ఎలా నడిపానో, ఏ అంకె ఎంత పెట్టానో పట్టిక వెయ్యాలి. అందుకని రెండేళ్ల కిందటి పాత ఫైలు తెరిచాను. కంప్యూటర్‌కి ఆజ్ఞలు రాసే ఫైలు అది, ముప్ఫై నలభై వరసలు ఉంటుంది. పైనుంచి రెండో వరస చూశాను. కూలరు చప్పుడు చేస్తూనే ఉంది, అమ్మ మిషను నడుస్తూనే ఉంది. నాకు మాత్రం చెవుల్లో ఏమీ వినబడలేదు.

ఆ వరస ఏమిటో చెప్పాలి. గేటుని కంప్యూటర్లో కొత్తగా కట్టినప్పుడు చుట్టూ నీళ్లూ పొరా ఇంకా సర్దుకోవు. అప్పుడే వదిలేస్తే గేటు రూపం చెడిపోతుంది. అందుకని మొదట్లో గేటు పరమాణువుల్ని కనబడని స్ప్రింగులతో ఎక్కడివక్కడ కట్టేస్తాం. నీళ్లు సర్దుకున్నాక స్ప్రింగులు విప్పేసి అసలు లెక్క మొదలుపెడతాం. విప్పడం అంటే ఏమీ లేదు, ఫైల్లో ఆ ఒక్క వరస తీసెయ్యడమే. మామూలు గేటుకి తీశాను. ముక్క మారిన గేటుకి తియ్యలేదు. స్ప్రింగులున్న పాత ఫైలు మీదే పేరు మార్చి పంపేశాను. నేను రెండేళ్లు కళ్లార్పకుండా చూసిన ఆ బిగుసుకుపోయిన గేటు, దాని కాళ్లు నేనే కట్టేసిన గేటు. మిగతా ఒళ్లంతా మామూలుగానే కదులుతుండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. నాకు అసలే రాలేదు.

ఆమె సూది చెప్పిందే నిజమన్నమాట.

మొదటి గంట ఆమె గుర్తుకే రాలేదు. ఇది దాచిపెట్టి లాభం లేదు. నా థీసిస్, నా జూన్ ఆఖరు గడువు, గైడ్ మొహం, ఇవే తిరిగాయి కళ్లముందు. నెలల పని కూలిపోయింది. ఇంకొకసారి గడువు పెంచరు. అమ్మ మిషను పక్కన కూర్చున్న ఆంటీలు ఏమంటారో కూడా ఆలోచించాను, సిగ్గు లేకుండా. ఆమె సంగతి తర్వాత గుర్తొచ్చింది.

వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. "ముందు ఖాయం చేసుకోవాలి" అనుకున్నాను. ఆ వరస తీసేసి గేటుని మళ్లీ నడపడానికి పురమాయించాను. ఈమాటు ఎక్కువ మెషీన్లు అడిగితే శనివారానికి తేలుతుంది. శాస్త్రం ప్రకారం అది సరైన పనే, ఎవరూ తప్పు పట్టలేరు. ఆ సంగతి నాకూ తెలుసు, అందుకే ఆ పని ఎంచుకున్నాను.

సోమవారం ఆమే ఫోన్ చేసింది.

"అక్కా, కాళీగా ఉన్నావేటి?"

"ఆఁ, చెప్పవే."

"నీ గేటు మూవీ ఒకసారి పంపవా అక్కా? వచ్చే వారం శుక్రోరంలోగా నా తప్పెక్కడుందో తేల్చుకోవాల. అన్నిసార్లు చేసినాను. ప్రతిసారీ కరెంటు వచ్చీస్తంది. నా సూది దగ్గరే ఏదో లీకు ఉండుంటాది, లేపోతే అంత కచ్చితంగా నీకు మూసుకుని, నాకు తెరుచుకుని ఎలగుంటాది సెప్పు?"

"పంపుతాను" అన్నాను.

"నువ్వు ఒక్కదానివైనా నా మీద నమ్మకం పెట్టినావు, అది సాలు" అంది. ఇంట్లో ఇంకా చెప్పలేదట. వాళ్ల ఊళ్లో ఇంత చదివిన ఆడపిల్ల తనొక్కతేనట. పంపేస్తే ఏ మొహం పెట్టుకుని బస్సు దిగాలో తెలియడం లేదంది. నేను "ఏం కాదులే" అన్నాను. మూవీ పంపాను. తప్పుడు మూవీ అని తెలిసి తెలిసి పంపాను.

బుధవారం నాటికి అన్నం సయించడం మానేసింది. నాన్న కనిపెట్టాడు. ఆంటీలు ఎవరూ లేని వేళ చూసి మంచం అంచున కూర్చుని, "ఏటయిందమ్మా?" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మొత్తం చెప్పాను. స్ప్రింగులు, వరస, సూది, మీటింగ్, అన్నీ. ఇదంతా ఎలా అర్థమవుతుందో అనుకుంటూనే చెప్పాను. ఆయనకి అర్థమైనంత వేగంగా ఏ ప్రొఫెసర్‌కీ అర్థమయ్యేది కాదేమో.

"ప్లాంటులో మేము రిపేరుకి లైన్ షట్‌డౌన్ తీసుకుంటే ఏటి చేస్తాం?" అన్నాడు. "మెయిన్ ఆపీసి బోర్డుకి ట్యాగ్ కడతాం. మన పేరు రాసి. పనయిపోయాక, కట్టినోడే ఎల్లి ఆ ట్యాగ్ విప్పాల. మధ్యలో పెద్ద సాబ్ వొచ్చినా ముట్టుకోకూడదు. నువ్వు ట్యాగ్ కట్టీసి విప్పడం మర్సిపోయినావు. ఇన్నాళ్లూ లైన్ రావట్లేదు, లైన్ రావట్లేదని ఊరంతా సెప్పినావు. అంతేనా?"

"అంతే నాన్నా."

"లైన్ ఉన్నాదని సెప్పిన ఆడగుంటని ఇప్పుడు బయటికి తోసేస్తన్నారు."

నాన్న బల్ల మీది ఫోన్ నా ముందుకి జరిపాడు.

"ఫోన్ చెయ్. ఇప్పుడే చెయ్."

"శనివారానికి కొత్త లెక్క వస్తుంది నాన్నా. ఖాయం చేసుకోకుండా ఎలా చెప్పను?"

"ట్యాగ్ కళ్లెదట వేలాడతంటే ఇంకా పరీక్షేటే?" నాన్న గొంతు లేచింది. మిషను ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది.

"మీరూరుకోండి" అంది నాన్నతో. తర్వాత నా వైపు తిరిగి, "ముందు నీ బుక్కు ఇచ్చీయ్. డిగ్రీ సేతికొచ్చీనాక అప్పుడు సెప్పుకుందువు. ఆ గుంటకి ఇరవయ్యారో ఇరవయ్యేడో. ఇంకోసోట సేరిపోతాది. నీకు ముప్పై దాటిపోనాయి, ఇప్పుడు నిన్ను మళ్లీ మొదట్నుంచి సెయ్యమంటే ఏటయిపోతావు?" అంది.

అమ్మ మీద అంతెత్తున లేచాను. "నీకేం తెలుసు, ఇది దొంగతనంతో సమానం" అన్నాను. కేకలు వేశాను. అమ్మ వెళ్లి మళ్లీ మిషను ముందు కూర్చుంది. నిజం చెప్పనా? అమ్మ ఆ మాట అన్నప్పుడు నా గుండె మీంచి బరువు దిగినట్టయింది. తిట్టింది అందుకే. నేను చేస్తున్న పనికే ఆవిడ పేరు పెట్టింది.

శనివారం పొద్దున్న లెక్క ముగిసింది. మూవీ తెరిచి చూశాను. మొదట గేటు కొంచెం అదిరింది. తర్వాత దారిని మూసి ఉంచే దాని నాలుగు కాళ్లూ మెల్లగా పక్కకి వాలాయి. నీళ్లు లోపలికి దూరాయి. ఒక పొటాషియం వచ్చి నోటి దగ్గర ఆగింది, వెనక ఇంకొకటి వచ్చి నెట్టింది, మొదటిది జారి అవతలికి పోయింది. ఆ వెనక ఇంకొకటి. రెండేళ్లుగా తెరుచుకోదని నేను ఊరంతా చెప్పిన గేటు తెరుచుకుంది. చూశాను. చూసి బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఎందుకంటే దీన్ని నాకంటే ముందే ఆ అమ్మాయి చూసింది. కళ్లతో కాదు, సూదితో చూసింది.

ఇక సాకు లేదు. శనివారం నుంచి శుక్రవారం దాకా మిగిలిన ఆ ఆరు రోజులూ కుడితిలో పడ్డ ఎలకలా తిరిగాను. గదిలోంచి వసారాకి, వసారాలోంచి గదికి. సాయంత్రం ఎండ తగ్గాక నాన్న సైకిలు తీసుకుని ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టర్ 7 దాకా వెళ్లేదాన్ని. అక్కడ రోడ్లు వెడల్పు, చెట్లు, క్వార్టర్ల ముందు నీళ్లు చల్లిన వాసన. తొక్కుతూ తొక్కుతూ చెప్పాల్సిన మాటలు పైకే వల్లించేదాన్ని. "ఒసే, తప్పు నాది." "చూడవే, నీ చెయ్యి బంగారం." సెక్టర్ 6 మలుపు దగ్గర ఎంతో ధైర్యం వచ్చేది. ఖుర్సీపార్ మొగలోకి వచ్చి, దుకాణాల మధ్య సైకిలు దిగి నడిపించుకుంటూ ఇంటికి చేరేసరికి అదంతా ఆవిరైపోయేది. ఇంట్లోకి రాగానే నాన్న చూసేవాడు. మొదట్లో "సెప్పినావా?" అని అడిగేవాడు. మంగళవారం నుంచి అడగడం మానేశాడు. అడిగితేనే బాగుండేది.

గైడ్‌కి మెయిల్ రాయడం, చెరిపెయ్యడం. "ఒక చిన్న పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టేదాన్ని. చిన్నదేమిటి నా తలకాయ! "నా నిర్లక్ష్యం వల్ల" అని రాసేదాన్ని. ఆ మాట చదివాక గైడ్ నాకు సిఫారసు ఉత్తరం ఇస్తాడా అని అక్కడ ఆగిపోయేదాన్ని. ఎవరో నన్ను పట్టి ఉంచారని కాదు. తలుపు తీసే ఉంది, మెయిల్ అక్కడే ఉంది, ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. నాకు భయం వేసింది, అంతే. ఇంత చదువుకున్నదాన్ని, ఇంత కోపిష్టిదాన్ని, అందరి మీదా అరిచేదాన్ని, నాకింత పిరికితనం ఎక్కడిదో నాకే తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదికి పంపాను. గైడ్‌కి, ఆ అమ్మాయికి కలిపి పంపాను. పదకొండుకి మీటింగ్, రెండు గంటలు చాలు అనుకున్నాను. కానీ అందులో ఒక సంగతి రాయలేదు. మళ్లీ నడిపి చూశానని రాయలేదు. రాస్తే ఆ లెక్కకి ఎన్నాళ్లు పడుతుందో వాళ్లకి తెలుసు, ఎప్పుడు మొదలుపెట్టానో బయటపడుతుంది. పాత ఫైలు చూస్తుంటే తప్పు కనిపించిందని, మళ్లీ నడిపి చూడాలని మాత్రం రాశాను. మిగతా ప్రతి మాటకీ తటపటాయించాను గానీ, ఆ ఒక్క సంగతి వదిలెయ్యడానికి తటపటాయించలేదు.

పావుగంటకి గైడ్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. మీటింగ్ లేదన్నాడు. నిన్ననే ఆ అమ్మాయి తనంతట తాను మానేస్తున్నట్టు కాగితం ఇచ్చేసిందట. కమిటీ తీసేసిందని రికార్డులో పడేకంటే స్వయంగా వెళ్లడమే గౌరవమని ఎవరో సలహా ఇచ్చారట. ఎవరో అని ఆయన అన్నాడు, నేను ఎవరని అడగలేదు. కాగితం వెనక్కి తీసుకోమని తను మాట్లాడతానన్నాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ వాటి జోలికి పోను. నా గడువు పెంచారు. వారం ఆగి, అప్పుడే నడిపినట్టు ఆ శనివారపు లెక్కనే చూపించాను. కంప్యూటర్ లాగ్‌లో తేదీ ఉంటుంది, ఎవరూ తెరిచి చూడలేదు. కొత్త లెక్కకీ ఆమె సూది కొలతలకీ అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆ అధ్యాయమే అన్నిటికంటే బాగుందని వైవాలో మెచ్చుకున్నారు. ఆమెకి కృతజ్ఞతలు మొదటి పేజీలోనే రాశాను. నాకు డిగ్రీ వచ్చింది. ఆంటీలు లడ్డూలు తిన్నారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆమె ఫోన్ వచ్చింది. రైల్లో ఉంది, చప్పుడు వినబడుతోంది. నాన్న నాకు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ పట్టుకుని బయటికి పోదామంటే ముందు గది నిండా ఆంటీలు, వసారాలో నిలబడలేనంత వేడి. అక్కడే ఎత్తాను.

"అక్కా, నీ మెయిల్ సదివినాను. నాలుగుసార్లు సదివినాను. నిజమేనా? నా కరెంటు నిజమేనా?"

"నిజమేనే. మొదట్నుంచీ నువ్వే కరెక్టు."

ఏడుస్తోందని తెలిసింది. తర్వాత ముక్కు ఎగబీల్చి నవ్వింది. "ఓలమ్మా! ఐదు నెలలక్కా! నా సెయ్యి నేనే నమ్మడం మానీసినాను. మొన్నయితే సూది పట్టుకుంటే వొణుకు వచ్చీసింది, నిజంగానే కణాలన్నీ సంపీసినాను. మర్నాడే కాయితం ఇచ్చీసినాను."

"సార్ మాట్లాడతానన్నారు. కాగితం వెనక్కి తీసుకో. రైలు దిగి వచ్చెయ్యవే."

"వొద్దక్కా. నేను రాలేను. మళ్లీ ఆ కుర్సీలో కూకుంటే మళ్లీ వొణుకుతాది." గొంతు మామూలుగానే ఉంది. ఎన్నో రోజులుగా ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "అవునూ, నీకెప్పుడు తెలిసిందక్కా?"

తల ఎత్తాను. నాన్న నా మొహంలోకే చూస్తున్నాడు.

"పొద్దున్నే," అన్నాను. "ఇందాకే. ఫైలు తెరిచేసరికి కనిపించింది."

"సూడు మరి! సూసిన గంటకే సెప్పీసినావు. ఇంకెవులైనా అయితే మీటింగ్ అయిపోయీదాకా నోరెత్తుదురా? నువ్వు కాబట్టి సెప్పినావు. థాంక్స్ అక్కా."

"ఫర్వాలేదులే," అన్నాను.

నాన్న మంచం మీంచి లేచాడు. మేకుకి తగిలించిన చొక్కా తీసి వేసుకుని, ఆ ఎండలోనే బయటికి వెళ్లిపోయాడు. అమ్మ అన్నం వడ్డించి పిలవడానికి వీధి చివరిదాకా వెళ్లింది. ఆకలి లేదన్నాడట.